సినిమా చదువు హాలు గుమ్మం దగ్గర మొదలుపెట్టండి

సినిమాలకూ రాజకీయాలకూ ఉన్న సంబంధం గురించి గత సంచికలో ఇచ్చిన చిన్న జవాబు చూసి చాలామంది ఉత్తరాలు రాశారు. వాటిలో తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాలు ఒకదానికొకటి అతికినట్టు ఉన్నందున ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: ఒక దేశపు సినిమా, ఆ దేశపు రాజకీయాలు ఒకదాన్నొకటి ఎలా మలుస్తాయన్నది నా పరిశోధనాంశం. రాజకీయ సంభాషణలున్న అరవై సినిమాల జాబితా తయారుచేసి చూపిస్తే, ఇది జాబితాయే గాని పరిశోధన కాదని మా గైడ్ గారు తిరిగి ఇచ్చేశారు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?
— పరిశోధక విద్యార్థిని, మహిళా విశ్వవిద్యాలయం, తిరుపతి

జవాబు: మీ గైడ్ గారి మాట కటువుగా వినిపించి ఉండవచ్చు గాని, అది మీ మేలు కోరి చెప్పిన మాట. తెర మీద ఒక సంభాషణ వినబడింది, అదే ఏడాది బయట అలాంటి సంఘటన జరిగింది, కాబట్టి ఇది దాని ప్రభావమేనని రాసేయడం మన దగ్గర బాగా అలవాటైపోయింది. పోలిక కనబడడం వేరు, ప్రభావం ఉండడం వేరు. ప్రభావం అన్న మాట వాడాలంటే అది ఏ దారిన నడిచి వచ్చిందో చూపాలి. డబ్బు ఎవరు పెట్టారు, అనుమతి ఎవరు ఇచ్చారు, ఎవరు అడ్డుపడ్డారు, ఏ ఊళ్లలో ఆడింది, ఎవరు ఏ తరగతిలో కూర్చుని చూశారు అన్న ప్రశ్నలకు జవాబులు వెతికితేనే ఆ దారి బయటపడుతుంది.

గూడవల్లి రామబ్రహ్మం గారు 1939లో తీసిన 'రైతుబిడ్డ'ను తీసుకోండి. జమీందారీ పెత్తనం మీద రైతు పక్షాన నిలబడిన చిత్రమని అందరూ చెబుతారు, అది నిజమే. అయితే ఆ చిత్రం తీసిన సారథి సంస్థకు అండగా నిలిచినది స్వయంగా జమీందారైన చల్లపల్లి రాజా గారు. ఆ చిత్రాన్ని ఆపించాలని చూసినవారిలోనూ జమీందార్లున్నారు. అంతకు ముందు రెండేళ్ల కిందటే మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెసు ప్రభుత్వం ఏర్పడింది, రెవెన్యూ మంత్రి ప్రకాశం పంతులు గారి అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘం పనిచేసింది. ఇప్పుడు చెప్పండి, రాజకీయం సినిమాను మలిచిందా, సినిమా రాజకీయాన్ని మలిచిందా? ఒక జమీందారు డబ్బుతో తయారైన చిత్రం మరికొందరు జమీందార్లను ఎందుకు కలవరపెట్టిందన్న ప్రశ్న దగ్గర ఆగి, దాని లోతు చూస్తే, అరవై సినిమాల జాబితా ఇవ్వలేనిది ఆ ఒక్క చిత్రం ఇస్తుంది. కార్వేటినగరం, పుంగనూరు, శ్రీకాళహస్తి జమీందారీలు మన జిల్లాలోనే ఉండేవి గనుక, ఆ చిత్రం ఇక్కడి ఊళ్లలో ఆడిందా, ఆడితే ఎవరు ఏమన్నారన్నది వెతకదగిన విషయం.

నా దగ్గర ఒక పాత నేల టికెట్టు ముక్క ఉంది. ఉల్లిపొరలాంటి గులాబిరంగు కాగితం, సగం చింపినది. దాని మీద ప్రవేశ రుసుము ఒక వరుసలో, వినోదపు పన్ను మరో వరుసలో అచ్చువేసి ఉన్నాయి. మీ పరిశోధన ఈ టికెట్టు దగ్గర మొదలుకావాలని నా గట్టి అభిప్రాయం. మద్రాసు రాష్ట్రంలో 1939లో వచ్చిన వినోదపు పన్ను చట్టమే తరువాత ఆంధ్రప్రదేశ్‌లోనూ కొనసాగింది. ఆ పన్ను 2017 జులైలో జీఎస్టీలో కలిసిపోయే దాకా, నేల మీద కూర్చుని సినిమా చూసిన ప్రతి కూలీ ప్రభుత్వానికి ఎంతో కొంత చెల్లించాడు. ఏ చిత్రానికి పన్ను మినహాయించారు, ఎప్పుడు రేటు పెంచారు అన్నవి ప్రభుత్వానికి సినిమా మీద ఉన్న అభిప్రాయాన్ని ఏ ఉపన్యాసం కన్నా స్పష్టంగా చెబుతాయి. హాలు తెరవాలంటే 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం కింద బి-ఫారం లైసెన్సు కావాలి, అది ఇచ్చేది జిల్లా అధికారులు. 2021 ఏప్రిల్‌లో వచ్చిన 35వ నంబరు జీవో గ్రామ పంచాయతీల్లోని నాన్ ఏసీ హాళ్లలో అన్నిటికన్నా కింది తరగతి టికెట్టు ధరను 5 రూపాయలుగా ఖరారు చేయగా, 2022 మార్చిలో ధరలను మళ్లీ సవరించారు. సామాన్యుడికి వినోదం అందాలని ఒకరు, ఆ ధరకు హాలు నడవదని ఇంకొకరు వాదించిన ఆ నెలల పత్రికలను వరుసగా చదవండి. రాజకీయం తెర మీదికి ఎక్కకుండానే సినిమాను ఎలా తాకుతుందో అర్థమవుతుంది.

మరో చిన్న మాటను దగ్గరగా చూపిస్తాను. మన ప్రాంతపు వసూళ్లను సినిమా వ్యాపారంలో 'సీడెడ్' లెక్కల కింద రాస్తారు. కొత్త సినిమా విడుదలైన మర్నాడు ఈ మాట తెలియని అభిమాని ఉండడు గాని, అది 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి వదిలేసిన జిల్లాల పేరని ఎంతమంది తలుచుకుంటారు? దానికి తెలుగులో వాడిన 'దత్త మండలం' అన్న మాట చిన్నతనంగా ఉందని 1928లో నంద్యాల సభలో మనవాళ్లు రాయలసీమ అన్న పేరు పెట్టుకున్నారు. ప్రజలు వద్దనుకున్న పేరును వ్యాపారం వదల్లేదు. ఇంకో విశేషం ఉంది. 1911లో చిత్తూరు జిల్లాను ఏర్పరచినప్పుడు మదనపల్లె, వాయల్పాడు కడప నుంచి వచ్చాయి గనుక అవి నిజంగానే దత్త మండలానివి. చంద్రగిరి తాలూకాలోని తిరుపతి మాత్రం ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చింది. అంటే తిరుపతిని ఏ నిజామూ ఎవరికీ వదల్లేదు, సినిమా పంపిణీదారులే దాన్ని సీడెడ్‌లో చేర్చారు. ప్రభుత్వం గీసిన పటం ఒకటి, పంపిణీదారు గీసుకున్న పటం ఇంకొకటి. ఆ రెండూ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో గమనించడమే మీ పనిలో సగం.

మా చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో అసలు సినిమాకు ముందు కేంద్ర ప్రభుత్వ సంస్థ ఫిల్మ్స్ డివిజన్ వారి వార్తాచిత్రం వేసేవారు. ఆనకట్టల ప్రారంభోత్సవాలు, వరదలు, ప్రధానమంత్రి విదేశీ పర్యటనలు అందులో కనబడేవి. అది హాలు యజమాని దయతో వేసినది కాదు, లైసెన్సు షరతు ప్రకారం అద్దె చెల్లించి మరీ వేయవలసినది. బీడీ కాల్చుకోవడానికి చాలామంది బయటికి వెళ్లేవారు. ప్రభుత్వం చెప్పదలచుకున్నది, జనం చూడదలచుకున్నది ఒకే తెర మీద, ఒకే రాత్రి, పది నిమిషాల తేడాతో నడిచిన సందర్భమది. ఆ పది నిమిషాల గురించి తెలుగులో ఇంకా సరిగ్గా రాసినవారు లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

సెన్సారు విషయం మీకు తెలిసినదే గనుక క్లుప్తంగా చెబుతాను. మన దేశంలో సినిమాల చట్టం మొదట 1918లో వచ్చింది, ఇప్పుడున్నది 1952 నాటిది. ముందస్తు సెన్సారు రాజ్యాంగబద్ధమేనని సినీ దర్శకుడు కె.ఏ. అబ్బాస్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1970లో తీర్పు చెప్పింది. రిజర్వేషన్లను విమర్శించిన ఒక తమిళ చిత్రం మీద 1989లో తీర్పు ఇస్తూ, గొడవలు జరుగుతాయన్న భయంతో ప్రభుత్వం సినిమాను ఆపకూడదని అదే కోర్టు స్పష్టం చేసింది. ఈ రెండు తీర్పులనూ మూలంలో చదవండి. 1927-28లో మద్రాసుకు చెందిన రంగాచారి గారి అధ్యక్షతన పనిచేసిన సినిమాటోగ్రాఫ్ కమిటీ తీసుకున్న వాంగ్మూలాలు సంపుటాలుగా అచ్చయ్యాయి. వాటిని చదువుతుంటే ఆనాటి హాలు యజమానులు, అధికారులు మన ముందు కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. 1953కు ముందు మనది మద్రాసు రాష్ట్రమే గనుక పాత ప్రభుత్వ దస్త్రాల కోసం చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ పత్ర భాండాగారానికి (తమిళనాడు ఆర్కైవ్స్) వెళ్లక తప్పదు.

దేశం మొత్తాన్ని ఒక్కసారిగా పట్టుకోవాలని చూడకండి. ఒక ఊరు, పదేళ్లు, నాలుగు హాళ్లు చాలు. మీరు చదువుతున్న విశ్వవిద్యాలయాన్ని స్థాపించినది కూడా 1983లో, సినిమా నుంచి వచ్చి ముఖ్యమంత్రి అయిన ఎన్.టి. రామారావు గారేనని గుర్తుచేసుకుంటే, మీ అంశం మీ తరగతి గది గోడల్లోనే ఉందని తెలుస్తుంది.

ప్రశ్న: 1983 ఎన్నికలప్పుడు మా వీధిలో ఆడవాళ్లు ఎన్.టి.ఆర్. గారికి హారతులు పట్టడం నేను కళ్లారా చూశాను. రాముడు, కృష్ణుడు వేషాలే ఆయనను గెలిపించాయి. ఇంత తేటతెల్లమైన విషయానికి పరిశోధన ఎందుకండీ?
— విశ్రాంత ఉపాధ్యాయులు, చిత్తూరు

జవాబు: మాస్టారు గారూ, మీరు చూసిన హారతిని నేను తక్కువ చేయను, అది విలువైన సాక్ష్యం. అయితే ఆ హారతి ఏ విషయానికి సాక్ష్యమో విడిగా చూడాలి. 1978 నుంచి 1983 వరకు ఐదేళ్లలో కాంగ్రెసు అధిష్ఠానం రాష్ట్రానికి నలుగురు ముఖ్యమంత్రులను ఇచ్చింది. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్య గారికి జరిగిన అవమానం ఊరూరా చర్చ అయింది. మార్చి 29న తెలుగుదేశం పుట్టింది. చైతన్యరథం మీద నెలల తరబడి తిరుగుడు, ఆత్మగౌరవం అన్న నినాదం, కిలో రెండు రూపాయల బియ్యం హామీ, అన్నిటికీ మించి కాంగ్రెసు మీద విసుగు ఇవన్నీ కలిస్తే 294 స్థానాల్లో 200కు పైగా వచ్చాయి. ఆయన గుడివాడలోనూ, మన తిరుపతిలోనూ గెలిచారు. ఆరేళ్లు గడిచాక, 1989లో ఆ పార్టీ అధికారం పోగొట్టుకోవడమే గాక, కల్వకుర్తిలో ఆయనే స్వయంగా ఓడిపోయారు. అప్పటికి కృష్ణుడి వేషం మారలేదు, కిరీటం మారలేదు. 1994లో మళ్లీ గెలిచారు. మారనిది ఏదీ మారినదానికి కారణం కాజాలదు కదా!

తిరుపతి మరో పాఠం కూడా చెప్పింది. 2008 ఆగస్టు 26న చిరంజీవి గారు ప్రజారాజ్యం పార్టీని తిరుపతి సభలోనే ప్రకటించారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో పార్టీకి 18 స్థానాలు వచ్చాయి. ఆయన తిరుపతిలో గెలిచి, సొంత జిల్లాలోని పాలకొల్లులో ఓడిపోయారు. నటుడు ఒక్కరే, పార్టీ ఒక్కటే, ఎన్నికలూ అవే. సినిమా అభిమానం ఒక్కటే ఓటు వేయించేటట్టయితే ఈ తేడా రాకూడదు. అక్కడా ఇక్కడా కులాల లెక్కలు, ప్రత్యర్థి బలం, అభిమాన సంఘాల పట్టు ఎలా ఉన్నాయో విడదీసి చూసినప్పుడే సినిమా వంతు ఎంతో తేలుతుంది.

1960లో 'శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం' వచ్చాక, కొండ దిగిన యాత్రికులు మద్రాసుకు బస్సుల్లో వెళ్లి రామారావు గారి ఇంటి ముందు దర్శనానికి నిలబడేవారన్న మాట మనమంతా విన్నదే. నేను ఆ మాటను నమ్ముతాను. కాని దాన్ని 1983 ఫలితానికి ముడిపెట్టే ముందు ఒక చిన్న లెక్క వేయండి. అప్పట్లో ఓటు హక్కు వయసు 21 ఏళ్లు. అప్పుడే 21 నిండి 1983లో తొలిసారి ఓటు వేసిన కుర్రవాడు ఆ సినిమా విడుదలైనప్పుడు ఇంకా పుట్టనేలేదు. అతను పెరిగినది రామారావు గారు అన్యాయాన్ని ఎదిరించే అధికారిగా, న్యాయమూర్తిగా, తిరగబడే సైనికుడిగా నటించిన సినిమాలతో. 1977లో ఆయనే దర్శకత్వం వహించిన 'దానవీరశూర కర్ణ'లో సుయోధనుడు నిండు సభలో కులాన్ని ప్రశ్నించిన ఘట్టం దేవుడి పాత్రది కాదు, దేవుడికి ఎదురు నిలిచిన పాత్రది. హారతి పట్టిన తల్లికి, జెండా మోసిన కొడుక్కి ఒకే నటుడిలో ఇద్దరు వేర్వేరు మనుషులు కనబడి ఉంటారన్నది నా అభిప్రాయం. ఆ వీధిలో ఉన్న మీవంటి పెద్దలే ఆ ఇద్దరినీ అడిగి రాయగలరు.

ప్రశ్న: మా ఊళ్లో తమిళ సినిమా, తెలుగు సినిమా రెండూ ఆడతాయి. ఎం.జి.ఆర్. కథ, ఎన్.టి.ఆర్. కథ ఒకటే అని మా నాయన అంటారు. నిజమేనా?
— దుకాణదారు, నగరి

జవాబు: పైకి ఒకేలా ఉన్నా, నడక పూర్తిగా వేరు. తమిళనాట పార్టీయే సినిమాలోకి వెళ్లింది. 1949లో డీఎంకే పుట్టింది, 1952లో కరుణానిధి సంభాషణలతో 'పరాశక్తి' వచ్చింది. రచయితలు, నటులు పార్టీ మనుషులుగానే సినిమాల్లో పనిచేశారు. 1967లో అన్నాదురై ముఖ్యమంత్రి అయ్యారు. ఎం.జి.ఆర్. ఆ పార్టీలో ఎదిగి, 1972లో విడిపోయి, 1977లో ముఖ్యమంత్రి అయ్యారు. తెలుగునాట నటుడు 1949లో 'మనదేశం'తో సినిమాల్లోకి వచ్చి, ముప్పై మూడేళ్ల తరువాత పార్టీ పెట్టి, తొమ్మిది నెలల్లో గెలిచాడు. అక్కడ పార్టీ తన మాటను తెర ద్వారా చెప్పించింది. ఇక్కడ ప్రేక్షకులను ఓటర్లుగా మార్చుకునే పని ఒక్క ఏడాదిలో జరిగింది గనుక, అభిమాన సంఘాలే పార్టీ శాఖల పని చేయవలసి వచ్చింది.

మీ ఊరు ఈ చదువుకు ఎంత గొప్ప చోటో మీకు తెలుసా? 1960 ఏప్రిల్‌లో పక్కనున్న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది, నగరి ఇక్కడే ఉండిపోయింది. ఓటు హైదరాబాదుకు, సినిమా అభిమానం మద్రాసుకు ఇచ్చిన కుటుంబాలు మీ ఊళ్లో ఉంటాయి. నాయన గారిని ఒక సాయంత్రం కూర్చోబెట్టి, ఏ సినిమాలు చూశారో, ఏ పార్టీకి పనిచేశారో అడిగి రాసిపెట్టండి.

ప్రశ్న: ఎర్రచందనం నేపథ్యంగా వచ్చిన సినిమాలో హీరో మన చిత్తూరు మాట మాట్లాడితే ఒళ్లు పులకరించింది. అందులో కూడా రాజకీయం ఉందంటే మా మిత్రులు ఒప్పుకోవడం లేదు.
— డిగ్రీ విద్యార్థి, పీలేరు

జవాబు: మీ పులకింతలోనే మొదటి రాజకీయం ఉంది. ఏళ్ల తరబడి మన యాసను తెర మీద నౌకర్లకో, హాస్యానికో, ప్రతినాయకుడికో అప్పగించారు. సీమ అంటే వేటకొడవలి, నాటుబాంబు తప్ప ఇంకేమీ లేదన్నట్టు 1999 తరువాత వరుసగా ఫ్యాక్షను చిత్రాలు వచ్చాయి. 2021లో వచ్చిన 'పుష్ప'లో ఆ యాస కథానాయకుడి నోట పలికింది. ఎవరి మాటకు గౌరవం, ఎవరి మాటకు నవ్వు అన్నది తేల్చడం రాజకీయం కాక మరేమిటి?

రెండోది బరువైన సంగతి. ఆ కథానాయకుడు కూలీగా మొదలై ముఠా నాయకుడు అవుతాడు. 2015 ఏప్రిల్ 7న మన శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో తమిళనాడుకు చెందిన 20 మంది చనిపోయారు. వారిని ఎర్రచందనం నరికే కూలీలన్నారు. కూలీతనం నుంచి బయటపడిన ఒక్కడి కథ మూడు గంటలు చూసి చప్పట్లు కొట్టిన మనం, కూలీలుగానే మిగిలిపోయినవాళ్లను ఎంతసేపు చూశామన్నది ఆ సినిమాను మళ్లీ చూసేటప్పుడు గడియారం పెట్టుకుని లెక్కపెట్టండి. సినిమాను తిట్టమని కాదు. ఏది చూపింది, ఏది అంచున వదిలింది అని చూడడం అలవాటైతే మీ మిత్రులతో వాదన దానంతటదే మెరుగుపడుతుంది.

ప్రశ్న: ప్రజాస్వామ్య దేశాల్లో, ముఖ్యంగా అమెరికాలో, సినిమా మీద ప్రభుత్వం చేయి ఉండదు కదా?
— పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: సినిమా కేవలం వ్యాపారమనీ, దానికి భావప్రకటనా స్వేచ్ఛ వర్తించదనీ 1915లో అమెరికా సుప్రీంకోర్టే చెప్పింది. ఆ మాటను 1952 దాకా వెనక్కి తీసుకోలేదు. దక్షిణ కొరియా ప్రతి హాలులో ఏడాదికి 146 రోజులు స్వదేశీ చిత్రాలు వేయాలన్న నియమాన్ని అమెరికాతో వాణిజ్య చర్చలకు ముందు 2006లో 73 రోజులకు తగ్గించింది. నటులు, దర్శకులు వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపారు. చేయి అన్నిచోట్లా ఉంటుంది, ఎక్కడ కనబడుతుందన్నదే తేడా.

ప్రశ్న: మా ఊరి సినిమా హాలు మూతపడి కల్యాణమండపం అయింది. పాత మేనేజరు గారి ఇంట్లో అటక మీద ఆ హాలు లెక్కల పుస్తకాలు, పోస్టర్లు ఉన్నాయి. కాటాకు వేసేస్తామంటున్నారు. వాటివల్ల ఎవరికైనా ఉపయోగం ఉంటుందా?
— యువ పాఠకుడు, పలమనేరు

జవాబు: దయచేసి వేయనివ్వకండి. ఈ ఉత్తరం చదివి నాకు ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు. పోస్టర్లు మరోచోట దొరకవచ్చు గాని, రోజువారీ వసూళ్ల పుస్తకం రెండో ప్రతి ఉండదు. ప్రతి ఆటకు నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ టికెట్లు ఎన్ని తెగాయో, పన్ను ఎంత కట్టారో, ఏ రోజు ఆట ఆగిపోయిందో అందులో ఉంటుంది. 1982 మార్చి నుంచి 1983 జనవరి దాకా ఉన్న పేజీలు దొరికితే, ఏ పాత సినిమాలను మళ్లీ తెచ్చి వేశారో, ఎన్నికల సభ జరిగిన రోజున ఏ తరగతి ఖాళీ అయిందో వాటిలోనే చూడవచ్చు. ముందుగా పుస్తకాలను ఎండలో కాక నీడలో, గాలి తగిలే చోట ఆరబెట్టండి. అతుక్కున్న పేజీలను లాగకండి. ఫోనుతో ప్రతి పేజీకీ ఫొటో తీసి, తేదీల వరుసలో పెట్టండి. మేనేజరు గారిని పక్కన కూర్చోబెట్టుకుంటే, అంచున పెన్సిలుతో రాసిన గుర్తులకు అర్థం ఆయనే చెబుతారు. ఆ గుర్తులు ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియవు గనుక ఈ పని వచ్చే ఆదివారానికే పెట్టుకోండి. మీరు అనుమతిస్తే, ఈ శీర్షికలో మొదటి ప్రశ్న అడిగిన తిరుపతి విద్యార్థినికి మీ ఉత్తరం పంపిస్తాను. తిరుపతి నుంచి పలమనేరుకు బస్సు ఎక్కితే పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి చేరవచ్చు.